రిలే గది డాక్టరు

సబ్బుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ డాక్టరనే పిలిచేవాళ్ళు. చేసేది కరెంటు పని. ఏ యంత్రం ఆగినా మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి, దాని మొన రిలే మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు, మేనేజరుతో సహా. కాసేపయ్యాక కళ్ళు తెరిచి, "ఇదిగో, దీనికే గుండెదడ" అని ఒక రిలేని పీకి, జేబులోంచి ఇంకోటి తీసి గుచ్చేవాడు. యంత్రం కదిలేది. ఆయన ఎవరి వంకా చూడకుండా చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. అలా వెళ్ళడంలో ఉన్న దర్జా కోసమైనా యంత్రాలు అప్పుడప్పుడూ ఆగాలని లోలోపల కోరుకునేవాడు.

ఒక్కోసారి కోరుకోవడంతో సరిపెట్టేవాడు కాదు. మేనేజరు నలుగురిలో మాట తూలినా, పై అధికారులొచ్చినప్పుడు తనని పరిచయం చెయ్యకపోయినా, ఇంటికి వెళ్ళబోయే ముందు ఏదో ఒక రిలే నాలుక కింద చిన్న కాగితం ముక్క దూర్చి వెళ్ళేవాడు. అన్నం ముందు కూర్చునేసరికి కంపెనీ జీపు వాకిట్లో హారన్ కొట్టేది. "తినే టైముకే వస్తారు, దిక్కుమాలినవాళ్ళు" అని విసుక్కుంటూ లేచేవాడు గానీ, చొక్కా తొడుక్కునేటప్పుడు ఆ మొహంలో వెలుగు ఆయన భార్యకి తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు.

రిలే గది నిజంగా ఆయన రాజ్యమే. గోడల పొడవునా ఇనుప బీరువాలు, వాటినిండా పిడికిలంత నల్ల పెట్టెలు, అవే రిలేలు. ఒక్కో దాంట్లో ఒక తీగచుట్ట. కరెంటు అందగానే అది అయస్కాంతమై చిన్న రేకుని లాక్కుంటుంది, ఆ రేకు ఇంకో తీగకి దారిస్తుంది. ఇది పడితే అది, అది పడితే మరొకటి. సబ్బు కడ్డీ కొయ్యాలన్నా, ముద్ర కొట్టాలన్నా, కాగితం చుట్టాలన్నా ఆ టకటకలే ఆజ్ఞ. ఫ్యాక్టరీ కట్టినప్పటి డ్రాయింగులు ఎందుకూ పనికిరాకుండా పోయి చాలా కాలమైంది. డాక్టరు తనకి తోచినట్టల్లా తీగలు మార్చాడు, మార్చినవి ఎక్కడా గుర్తు పెట్టలేదు. మరచిపోయి కాదు. తాను లేకపోతే ఆ బీరువాల ముందు బ్రహ్మదేవుడు నిలబడ్డా తల గోక్కోవాల్సిందే. ఆయనకి కావలసిందీ అదే.

ఆ గదిలో ఆయనకొక హెల్పరు. పరాయివాడేం కాదు, భార్యకి తోడబుట్టిన తమ్ముడు. తండ్రి పోయి ఇల్లు చితికిపోతే, "మీ చేతికింద పడేసుకుని వాడికో బతుకు చూపించండీ" అని భార్య బతిమాలితే తెచ్చి పెట్టుకున్నాడు. పడెయ్యడం వరకూ జరిగింది. బీరువా తెరిచినప్పుడల్లా టార్చిలైటు బావమరిది చేతికిచ్చి, "దీపం ఇటు, మొహం అటు" అనేవాడు. ముప్ఫై దాటిన మనిషి వెలుగు ఒక వైపు పట్టుకుని, చూపు గోడవైపు తిప్పుకుని నిలబడేవాడు.

ఒకరోజు కాగితం చుట్టే యంత్రం ఆగింది. డాక్టరు ఏదో పనిమీద బయటికెళ్ళాడు. ప్యాకింగు ఆడవాళ్ళు గోల పెడుతుంటే బావమరిది ధైర్యం చేసి బీరువా తెరిచి, ఊడిన తీగ వెతికి బిగించాడు. యంత్రం నడిచింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూనే డాక్టరు లోపలికొచ్చాడు.

"ఎవడు ముట్టుకోమన్నాడ్రా?"

"ఊడిపోయిన తీగే బావగారూ, చూస్తే తెలిసిపోయింది. మీరు లేరని..."

చెంప పగిలిపోయింది. ప్యాకింగు ఆడవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బావమరిది బిగించిన తీగ సరైనదే. అదే అతని తప్పు. డాక్టరు ఆ తీగని మళ్ళీ ఊడబీకి, అందరూ చూస్తుండగా స్క్రూడ్రైవరు చెవికి ఆనించి, తీరిగ్గా విని, అదే తీగని అక్కడే బిగించి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి బావమరిదికి ఫ్యాక్టరీలో 'మొద్దు' అని పేరు పడింది. పెట్టింది డాక్టరే.

అలాంటి రోజుల్లో వచ్చింది కొత్త పెట్టె.

చూడ్డానికి ఏమీ లేదు. చెప్పుల డబ్బాకంటే కాస్త పెద్దది, ముందువైపు వరసగా బుల్లి దీపాలు, ఒక్కో స్విచ్చుకి ఒక్కోటి. దాంతోపాటు ఒక అమ్మాయి, ఆమె సంచిలో కంప్యూటరు. ఆ పెట్టెని సరఫరా చేసిన కంపెనీ పంపింది. ప్రోగ్రాం రాసేది ఆమే. మేనేజరు డాక్టరుని పిలిచి, "ఇకనుంచి రిలేలు చేసే పనంతా ఇదే చేస్తుంది. అమ్మాయికి ఏ యంత్రం ఏ వరసలో నడవాలో చెప్పు" అన్నాడు.

డాక్టరు పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గది పట్టనంత ఏనుగుని ఈ డబ్బాలో కుక్కుతారా? సరే కానివ్వండి. తొండం దగ్గర మూత పడదు చూడండి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది ఆయన మాటకి నవ్విన ఆఖరి నవ్వు.

ప్రోగ్రాం అమ్మాయి అడిగితే ఆయన సగం చెప్పాడు, సగం మింగాడు. ఆమె విసుక్కోలేదు. కుర్చీ తెచ్చుకుని యంత్రం పక్కనే కూర్చుని, ఏ మీట నొక్కుకున్నాక ఏ చెయ్యి కదులుతోందో చూస్తూ రాసుకుంది. ఆయన బుర్రలో దాచుకున్నదంతా యంత్రమే ఆమెకి విప్పి చూపించింది. అందుకు ఆయన్ని బతిమాలాల్సిన పనే పడలేదు. మధ్యలో ఆమెకి సాయం కావలసి వచ్చినప్పుడు బావమరిది పక్కన నిలబడ్డాడు. ఆమె అతన్ని మొహం తిప్పుకోమనలేదు. పైగా, "అన్నా, ఇలా రా, ఈ గీతలు చూడు. మీ రిలేలే ఇవి, తీగలు లేకుండా" అని చూపించింది. అతను చూశాడు. అర్థమైంది. అంత తేలిగ్గా అర్థమైనందుకు అతనికి సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది.

పాత రిలేలు ఆపి కొత్త పెట్టె మీద యంత్రాలు నడిపిన రోజున డాక్టరు స్క్రూడ్రైవరుతో సహా మూల నిలబడ్డాడు. టకటకలు లేవు. ఆ నిశ్శబ్దంలో సబ్బులు వరసగా వచ్చాయి, ముద్ర పడింది, కాగితం చుట్టుకుంది. ఆ రోజూ ఆగలేదు, మర్నాడూ ఆగలేదు. "వానలు రానీ, చెమ్మ తగిలితే చూడు" అన్నాడు. వానలు వచ్చి వెళ్ళాయి. "ఎండలు రానీ" అన్నాడు. ఎండలూ అయిపోయాయి. గుండ్రటి సబ్బు మాని పలకల సబ్బు చెయ్యాలంటే ఇదివరకు రోజుల తరబడి తీగలు మార్చాల్సి వచ్చేది. ఆ రోజుల్లో డాక్టరు ఎంత చెబితే అంత. ఇప్పుడా అమ్మాయి ఫోన్లో ఒక అంకె చెబితే బావమరిది దాన్ని తెరమీద మార్చేవాడు, పలకల సబ్బు వచ్చేసేది. నలుగురు కరెంటు పనివాళ్ళని లెక్క తీర్చి పంపేశారు. డాక్టరుని మాత్రం పాత మనిషని ఉంచారు. ఉంచి, గాలి వడపోసే జల్లెళ్ళు దులిపే పనిచ్చారు.

జీపు మళ్ళీ ఆయన వాకిట్లోకి రాలేదు. పళ్ళెం ముందు కూర్చుని చెవులు రిక్కించేవాడు. భార్య ఒకసారి, "ఇప్పుడు హాయిగా తింటున్నారు కదండీ" అంది మంచిగానే. ఆయన పళ్ళెం విసిరికొట్టాడు.

అప్పుడు పాత విద్య గుర్తొచ్చింది. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళినప్పుడు సబ్బుల్ని మోసుకెళ్ళే బెల్టు చివర ఉన్న స్విచ్చు తీగని కాస్త వదులు చేసి వచ్చాడు. బెల్టు ఆగింది. ఆయన స్క్రూడ్రైవరు తుడుచుకుని, పిలుపు కోసం తయారుగా కూర్చున్నాడు. పిలుపు రాలేదు. ఆ రోజు ప్రోగ్రాం అమ్మాయి ఫ్యాక్టరీలోనే ఉంది. పెట్టె ముందుకెళ్ళి ఒక్కసారి చూసి, "ఈ దీపం ఆరింది. బెల్టు చివరి స్విచ్చు అన్నా" అంది. బావమరిది నేరుగా అక్కడికే వెళ్ళాడు. టీ చల్లారేలోగా బెల్టు నడిచింది.

"తీగ దానంతటది వదులు కాలేదు. స్క్రూ మీద కొత్త గీత పడింది" అన్నాడు బావమరిది మెల్లగా.

అమ్మాయి డాక్టరు వంక చూసి, చూపు తిప్పుకుంది. "ఎలుకలేమోలే" అంది.

అంతే, ఆ మాట ప్యాకింగు బల్లల దాకా పాకింది. ఆయన కనబడితే చాలు, ఎవరో ఒకరు, "డాక్టరుగారూ, ఎలుకలకి మందు పెట్టించండి, స్క్రూడ్రైవర్లు పట్టుకు తిరుగుతున్నాయట" అనేవాళ్ళు. వెనక కిసుక్కుమని నవ్వులు. ఇన్నాళ్ళూ ఆయన ముందు ఊపిరి బిగబట్టిన నోళ్ళే అవన్నీ. ఒకప్పుడు బీరువాలు ఆయన గుట్టు కడుపులో దాచుకునేవి. ఈ పెట్టె మాత్రం కొండెగాడిలా దీపం వెలిగించి మరీ చెప్పేసింది.

ఆయన చాలా రోజులు ఆలోచించాడు. దీపం ఆరితే కదా పట్టుబడేది? ఆరాల్సిన దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే?

ముద్ర ప్రెస్సుకి ఇనప జాలీ తలుపు ఉంది. తలుపు మూస్తే ఒక చిన్న మీట నొక్కుకుంటుంది, అప్పుడే ప్రెస్సు కిందికి దిగుతుంది. తలుపు తెరిస్తే మీట లేస్తుంది, ప్రెస్సు కదలదు. డాక్టరు రాగి తీగతో ఆ మీటని నొక్కి కట్టేశాడు. ఇక తలుపు బార్లా తెరిచినా పెట్టెకి మూసినట్టే. ఎవరో ఒకరు శుభ్రం చెయ్యడానికి తలుపు తెరుస్తారు, తెరిచిన తలుపులో ప్రెస్సు దిగడం చూసి కేకలు పెడతారు, 'మనుషుల్ని చంపే పెట్టె' అని గోలవుతుంది, దాన్ని పీకి పారేస్తారు. ఇదీ ఆయన లెక్క. ఎవరికీ ఏమీ కాకూడదనే అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించాలనీ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సులో సబ్బు అడ్డంగా ఇరుక్కుంది. సబ్బు సరిగ్గా కూర్చుందో లేదో చూసే కన్ను ఒకటుంది అక్కడ. దానికి సబ్బు సరిగ్గా కనబడక ప్రెస్సు పైనే ఆగి ఉంది. ప్రెస్సు నడిపే మనిషి బావమరిదిని కేకేశాడు. అతను వచ్చి జాలీ తలుపు తీశాడు. తలుపు తీస్తే ప్రెస్సు కదలదని ఫ్యాక్టరీలో చీపురు పట్టేవాళ్ళకి కూడా తెలుసు. కుడిచెయ్యి లోపల పెట్టాడు.

డాక్టరు జల్లెడ పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. చూశాడు. నోరు తెరుచుకుంది. 'చెయ్యి తియ్యరా' అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఆ వెంటే ఇంకో మాట కూడా వచ్చింది: అరిస్తే, నీకెలా తెలుసంటారు. నోరు మూసుకుపోయింది. బావమరిది ఎందుకో తలెత్తి సరిగ్గా అప్పుడే ఆయన మొహం చూశాడు. ఇరుక్కున్న సబ్బు అతని వేళ్ళ కింద తిన్నగా సర్దుకుంది. కన్ను దాన్ని చూసింది. ప్రెస్సు దిగింది.

అందరూ అతన్ని మోసుకుని వ్యాను దగ్గరికి పరిగెత్తారు. ఆ గోలలో డాక్టరు ఒక్కడే వెనక ఉండిపోయాడు. రాగి తీగ కత్తిరించి జేబులో వేసుకున్నాడు. 

విచారణలో ఏమీ తేలలేదు. సబ్బు జిగట అంటుకుని మీట బిగుసుకుపోయి ఉంటుందని రాశారు. ప్రోగ్రాం అమ్మాయి పెట్టె జ్ఞాపకం వెతికి, "తలుపు మూసే ఉందని దానికి అందింది. అది దాని తప్పు కాదు, నాది. ఒక్క స్విచ్చుని నమ్మి ఉండకూడదు" అని డాక్టరు ముందే వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరు ఆమె భుజం తట్టి, "ఊరుకోమ్మా. డబ్బా కదా, దానికేం తెలుస్తుంది" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని తలుపుకి రెండు స్విచ్చులు పెట్టించింది. ఒకటి నొక్కుకుంటే రెండోది లేవాలి, రెండింటి మాటా కుదరకపోతే ప్రెస్సు కదలదు. ఆ ప్రోగ్రాం ఆ రోజే రాసి పెట్టెలోకి ఎక్కించేసింది. డాక్టరు ఆ పెట్టెని చంపబోయి, దానికి ఇంకాస్త చదువు చెప్పించినట్టయింది.

ఆసుపత్రిలో బావమరిది కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. అక్క మందులకని బయటికెళ్ళిన సమయంలో, పక్కన కూర్చున్న డాక్టరుతో అతను కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"నువ్వు చూశావు బావా."

పెళ్ళినాటి నుంచీ 'మీరు' తప్ప అనని మనిషి. ఆ 'నువ్వు' దగ్గరే డాక్టరుకి సంగతంతా తెలిసిపోయింది.

"ఏం చూశాన్రా?"

"నేను చెయ్యి పెట్టడం. నీ నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకున్నావు."

డాక్టరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "చెప్పేస్తావా?" అన్నాడు.

"ఎవరికి? చెప్తే నిన్ను పట్టుకుపోతారు. ఇక నాకేం మిగులుతుంది?"

అక్కకి మాత్రం చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా భర్త ముందు నిలబడి ఒక్కటే అడిగింది. "ఒక్క అరుపు అరవొచ్చు కదండీ?"  ఆమె మళ్ళీ అడగలేదు. ఆ తరవాత కూడా వేళకి వండింది, వడ్డించింది, 'మీరు' అనే అంది. కానీ ఆ ఇంట్లో ఆమె గొంతు అవసరమైన మాటల వరకే వినబడేది. నవ్వడం అసలే మానేసింది.

కొన్ని నెలలకి బావమరిది పనిలోకి వచ్చాడు. తెర ముందు కూర్చునే పనికి పది వేళ్ళూ అక్కర్లేదని, పెట్టె బాధ్యతంతా అతనికే ఇచ్చారు. డాక్టరుని అతని కింద వేశారు. మొదటిరోజు గేటు దగ్గర బల్ల మీద బావమరిది కూర్చుని, కాలు ముందుకి చాపాడు. ఫ్యాక్టరీ లోపల అందరూ వేసుకునే బరువు బూట్లు, వాటికి పొడుగాటి తాళ్ళు.

"బావా, ముడి."

డాక్టరు చుట్టూ చూశాడు. షిఫ్టుకి వచ్చేవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. వంగాడు. మోకాలు నేలకి ఆనించి తాళ్ళు బిగించాడు.

"వదులుగా ఉంది. మళ్ళీ కట్టు."

మళ్ళీ కట్టాడు. వెనక ప్యాకింగులో పనిచేసే ముసలావిడ కళ్ళు ఒత్తుకుంటూ, "బావంటే ఇలా ఉండాలమ్మా. ఊరికే ఎలుకలూ అదీ అని ఏడిపించాం, ఎంత మంచి మనసో చూడు" అంది. డాక్టరు నడుము పైకి లేవలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

అది రోజూ జరిగింది. డాక్టరు సెలవు పెడితే మర్నాడు బావమరిది తాళ్ళు విప్పుకుని, బల్ల మీద ఎదురుచూస్తూ కూర్చునేవాడు. వానలో తడిసి బురద పట్టిన తాళ్ళైనా, జ్వరంతో చేతులు వణుకుతున్నా ముడి తప్పలేదు. ఈలోగా రిలే గది ఖాళీ చేయించారు. ఆ పని బావమరిది డాక్టరుకే పురమాయించాడు. డాక్టరు తాను పేరు పెట్టి పిలిచే ఒక్కో రిలేనీ పీకి గోనెసంచిలో వేశాడు. తక్కెడ వాడు అన్నిటినీ కలిపి పాత ఇనుము కింద తూచాడు. ఆ గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పేరుస్తున్నారు.

ఒక పొద్దున డాక్టరు ముడి వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. తలెత్తకుండానే, "ఇంకెన్నాళ్ళురా?" అన్నాడు.

"వేళ్ళు మొలిచేదాకా" అన్నాడు బావమరిది. "రెండో కాలు."

ఈ మధ్యలో ఎప్పుడో పెట్టె ఒక్కసారి నిజంగానే చెడిపోయింది. దీపాలన్నీ ఆరిపోయాయి.  ఇన్నేళ్ళుగా డాక్టరు కోరుకున్న క్షణం అది. బావమరిది ఎడంచేత్తో అందులోంచి ఒక సర్క్యూట్ పలక లాగి, విడిగా దాచి ఉంచిన కొత్త పలక పెట్టి నొక్కాడు. దీపాలు వెలిగాయి. కొత్తగా చేరినవాళ్ళకి యంత్రం ఆగిన సంగతే తెలియలేదు.

వయసు తీరాక డాక్టరు పని మానేశాడు. దండ వేసి పంపారు. దండ వేసింది బావమరిదే, ఆ రెండువేళ్ళ చేత్తోనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటి నుంచి ఆయన ఇంటి ముందు గదిలో కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. వీధిలో ఏ బండి హారన్ మోగినా సగం లేచి, మళ్ళీ కూర్చునేవాడు.

ఆ ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పడానికి వంగలేదు. ఒక కాలి మడమని ఇంకో కాలి వేళ్ళతో నొక్కి, ఊరికే జార్చేసి లోపలికి వచ్చాడు. డాక్టరు ఆ బూట్ల వంక చూశాడు. ఫ్యాక్టరీవే, బరువువే, కానీ తాళ్ళు లేవు. పక్కల సాగే పట్టీ ఉంది.

"ఇవి ఎప్పుడు కొన్నావు?"

"నువ్వు మానేసిన మర్నాడే. స్టోర్సులో ఎప్పటినుంచో ఉన్నాయి బావా."

వంటగది గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ అక్క పకపకా నవ్వింది. ఎన్నేళ్ళ తరవాతో నవ్వడం, గిన్నె ఒలికిపోయేంతగా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళి, పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరు లేచి, వంగి, దారికి అడ్డంగా పడున్న ఆ బూట్లని జతగా సర్ది గోడవారగా పెట్టాడు. లోపలినుంచి భార్య, "రండి, చల్లారిపోతోంది" అని పిలిచింది.